క్రెడిట్ రిపోర్టులో తప్పు పడితే ఎవరిని అడగాలి?

"మీ సిబిల్ బాగా లేదు" అన్న ఒక్క మాటతో బ్యాంకు నుంచి వెనుదిరిగే వాళ్లు మా నల్లగొండలో ఈ మధ్య చాలామంది కనిపిస్తున్నారు. ట్రాక్టరు కోసం వెళ్లిన రైతు గానీ, కిరాణా దుకాణం పెంచుకుందామనుకున్న వాళ్లు గానీ, బిడ్డ చదువుకు అప్పు అడిగిన తల్లి గానీ, ఆ మాట విన్నాక ఇంకో ప్రశ్న వేయకుండా లేచి వస్తున్నారు. ఆ సిబిల్ రిపోర్టులో, అంటే మన అప్పులూ వాటిని కట్టిన తీరూ నమోదయ్యే క్రెడిట్ రిపోర్టులో, ఏం రాసి ఉందో, ఎవరు రాశారో, రాసింది నిజమో కాదో చూడకుండానే తప్పు తమదే అయి ఉంటుందని ఒప్పేసుకుంటున్నారు. రిపోర్టులో ఉన్నది అబద్ధమైతే దాన్ని సరిచేయించుకునే హక్కు మనకు చట్టం ఇచ్చింది. సరిచేయడానికి గడువు ఉంది, గడువు దాటితే రోజుకు ఇంత అని పరిహారం కూడా ఉంది. మా ఇంట్లోనే ఈ పని మీద తిరగవలసి వచ్చింది కాబట్టి, అందులో తెలుసుకున్న సంగతులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట ఈ రిపోర్టు ఎలా తయారవుతుందో తెలియాలి, ఎందుకంటే ఎక్కడ అడగాలన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. మనమందరం సిబిల్ అనే అంటాం గానీ, 2005 నాటి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం కింద రిజర్వు బ్యాంకు అనుమతితో మన దేశంలో నాలుగు సంస్థలు ఈ పని చేస్తున్నాయి. అవి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్. అప్పు ఇచ్చే ప్రతి బ్యాంకూ, ప్రతి ఫైనాన్సు కంపెనీ ఈ నాలుగింటిలోనూ సభ్యత్వం తీసుకుని, తమ దగ్గర అప్పు ఉన్నవాళ్ల వివరాలను పంపాలి. ఇదివరకు నెలకొకసారి పంపేవారు. 2025 జనవరి నుంచి పదిహేను రోజులకొకసారి పంపాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ సంస్థలకు మన ముఖం తెలియదు, మనం కిస్తీ కట్టామో లేదో వాటికై అవి చూడవు. బ్యాంకు ఏది పంపితే దాన్ని మన పేరు కింద చేర్చి, దాని మీద 300 నుంచి 900 దాకా ఒక స్కోరు లెక్కగడతాయి. అందువల్ల తప్పు కనిపించేది సిబిల్‌లోనే అయినా, అది పుట్టింది చాలాసార్లు అప్పు ఇచ్చిన చోటే. ఆ చోటును వదిలేసి స్కోరు చుట్టూ తిరిగితే పని కాదు.

మా తమ్ముడికి ఊళ్లో బత్తాయి తోట ఉంది. దాని కోసం ఒక ఫైనాన్సు కంపెనీ దగ్గర అప్పు తీసుకుని ట్రాక్టరు కొన్నాడు. కాయ ధర బాగా పలికిన ఏడాది, గడువుకు ముందే మొత్తం కట్టేసి, ఇక బాకీ ఏమీ లేదని తెలిపే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకున్నాడు. ఆర్టీఏ ఆఫీసులో ఫారం 35 ఇచ్చి, ఆర్‌సీ మీద ఫైనాన్సు పేరు కూడా కొట్టేయించుకున్నాడు. తరువాత పాడి బర్రెల కోసం బ్యాంకుకు వెళ్తే, పాత ట్రాక్టరు బాకీ ఉందని ఫైలు పక్కన పెట్టారు.

రిపోర్టు తెప్పించి చూశాం. ట్రాక్టరు అప్పు ఇంకా నడుస్తున్నట్టే ఉంది. బాకీ 1,180 రూపాయలు. కింద నెలనెలా గడులు ఉంటాయి. ప్రతి గడిలో, ఆ నెలలో కిస్తీ ఎన్ని రోజులు ఆలస్యమైందో మూడంకెల్లో రాస్తారు. అప్పు కట్టేసిన నెల దాకా వరుసగా 000 అని ఉంది, అంటే ఒక్క రోజు కూడా ఆలస్యం లేదు. ఆ పక్క గడి నుంచి 030, 060, 090 అంటూ నెలనెలా పెరుగుతూ పోయింది. ఒక్క కిస్తీ తప్పని మనిషి, అప్పు తీరిపోయిన తరువాత ఎగవేతదారుగా మారాడన్న మాట. స్టేట్‌మెంటు అడిగి తీసుకుంటే అసలు కారణం బయటపడింది. అప్పు తీరాక కూడా ఆ కంపెనీ తన ఆటో డెబిట్‌ను, అంటే బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా కిస్తీ దానంతటదే తీసుకునే ఏర్పాటును, ఆపలేదు. తరువాతి రెండు నెలలూ కిస్తీ కోసం తమ్ముడి ఖాతాకు అడిగింది, అందులో డబ్బు లేక వెనక్కి పోయింది. ఒక్కో బౌన్స్‌కు 500 రూపాయలు, దాని మీద జీఎస్టీ 90 రూపాయలు చొప్పున 1,180 రూపాయల చార్జీ తీరిపోయిన అప్పు మీద వేసి, దాన్ని బాకీగా నాలుగు సంస్థలకూ పంపింది. 1,180 రూపాయలు కట్టేస్తే అయిపోతుంది కదా అని ఆ బ్రాంచిలోని ఉద్యోగి సలహా ఇచ్చాడు. నేను వద్దన్నాను. అది కడితే బాకీ సున్నా అవుతుందేమో గానీ, గడుల్లోని ఆలస్యం నిజమని మనమే ఒప్పుకున్నట్టవుతుంది, ఆ గడులు అట్లాగే ఉండిపోతాయి. రావలసింది బాకీ రద్దు ఒక్కటే కాదు. మూసివేసిన తేదీ సరిగ్గా పడాలి, ఆ తరువాతి గడులు పోవాలి.

ఇలాంటి చార్జీల తప్పులతో పాటు, మన ప్రాంతంలో మనుషులు తారుమారయ్యే తప్పులూ ఉన్నాయి. యాదగిరి నరసింహస్వామి పేరు మీద యాదయ్యలు, యాదగిరులు, యాదమ్మలు. చెరువుగట్టు రామలింగేశ్వరుడి పేరు మీద లింగయ్యలు, రామలింగయ్యలు ఊరూరా ఉంటారు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, తండ్రి పేరులో కూడా అదే మొదటి అక్షరం ఉన్న ఇద్దరు ముగ్గురు ఒక్క ఊళ్లోనే దొరుకుతారు. పుట్టిన తేదీ రాసిపెట్టుకోని తరం వాళ్లకు ఆధార్‌లో జనవరి 1 అనో, జూలై 1 అనో పడి ఉంటుంది. చిరునామా అంటే ఇంటి నంబరు, ఊరు, మండలం, అంతే. పాన్ కార్డు లేకుండా ఇచ్చిన పాత పంట రుణాల్లో ఒకరి అప్పు ఇంకొకరి పేరు కింద చేరడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆడవాళ్లకు పెళ్లి తరువాత ఇంటిపేరూ ఊరూ మారుతాయి కాబట్టి, వాళ్ల వివరాలు రెండుగా చీలిపోయే అవకాశం ఎక్కువ. కట్టిన అప్పు ఒక పేరు కింద ఉండి, స్కోరు ఇంకో పేరు కింద వెతికితే, ఏళ్ల తరబడి నిజాయితీగా కట్టిన కిస్తీలు లెక్కలోకే రావు. అందుకే రిపోర్టు చేతికి రాగానే స్కోరు కన్నా ముందు మొదటి పేజీలోని పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోను నంబర్లు, చిరునామాలు చూడమంటాను. మనకు తెలియని ఊరి చిరునామా అక్కడ కనిపించిందంటే, లోపలి పేజీల్లో మనది కాని అప్పు ఉండవచ్చు.

బ్యాంకుల విలీనాల వల్ల కూడా ఒకసారి సరిచూసుకోవడం అవసరం. మహబూబ్‌నగర్ వైపు సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు, మా వైపు నాగార్జున గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిశాయి. ఆ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వచ్చాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. ఇలా బ్యాంకు మారినప్పుడు ఖాతా నంబరు కూడా మారి ఉంటే, ఒకే అప్పు పాత పేరుతో ఒకటి, కొత్త పేరుతో ఒకటి కనిపిస్తోందా అని చూసుకోవాలి. అలా ఉంటే మన నెత్తి మీద రెండింతల అప్పు ఉన్నట్టు లెక్క పడుతుంది.

రుణమాఫీ గురించి నన్ను చాలామంది అడుగుతున్నారు. 2024 జూలై 18న మొదలై ఆగస్టు 15 దాకా విడతలుగా రెండు లక్షల వరకు పంట రుణాల మాఫీ ప్రకటించారు. మాఫీ కింద ప్రభుత్వం డబ్బు జమ చేసిందంటే బ్యాంకుకు రావలసింది వచ్చినట్టే. ఆ అప్పు రిపోర్టులో సున్నా బాకీతో ఉండాలి గానీ, వసూలు కాని బాకీగా పద్దు కొట్టేసినట్టు గానీ, రాజీ చేసుకున్నట్టు గానీ ఉండకూడదు. అలా ఉంటే మాఫీ జమ అయిన రోజు ఎంట్రీ ఉన్న పాస్‌బుక్ పేజీతో అడగవచ్చు. అయితే మాఫీ వస్తుందని ఎదురుచూసి రెన్యువల్ చేయించుకోని కాలంలో పడిన ఆలస్యాల సంగతి వేరు. అవి బాధాకరమే, అందులో రైతు తప్పెంత అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ అప్పుడు కిస్తీ కట్టలేదన్నది నిజం కాబట్టి, తప్పుల కింద వాటిని తీయించడం కుదరదు.

ఈ తేడా స్పష్టంగా ఉంటే సగం శ్రమ తగ్గుతుంది. నిజంగా ఆలస్యమైన కిస్తీని ఎవరూ చెరపలేరు. సగం కట్టి రాజీ చేసుకున్న అప్పుకు "సెటిల్డ్" అని రాస్తే అది తప్పు కాదు; మిగతాది కట్టి, పూర్తిగా తీరినట్టు కాగితం తీసుకుని, అప్పుడు "క్లోజ్డ్" అని మార్చమని బ్యాంకును కోరాలి. హామీ సంతకం పెట్టిన అప్పు మన రిపోర్టులో కనిపించడం కూడా తప్పు కాదు. బావమరిదికో దోస్తుకో పెట్టిన సంతకం మన పేరు మీదికీ వస్తుంది. మనది కాని అప్పు, తీరినా తీరనట్టు చూపడం, రెండుసార్లు పడిన ఖాతా, తప్పు తేదీ, తప్పు మొత్తం, మనం అడగని అప్పు కోసం మన రిపోర్టు తీసి చూసినట్టు ఉన్న ఎంక్వయిరీ, ఇవీ తప్పులు. క్రెడిట్ కార్డుల్లో ఇంకొకటి ఉంది. మనం యాక్టివేట్ చేయని కార్డు వివరాలను ఈ సంస్థలకు పంపకూడదని రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల్లోనే చెప్పింది. కాబట్టి ఎవరో షాపింగ్ మాల్‌లో అంటగట్టి, మనం వాడకుండా పక్కన పడేసిన కార్డు రిపోర్టులో కనిపిస్తే అభ్యంతరం చెప్పవచ్చు.

రిపోర్టు తెప్పించుకోవడానికి డబ్బు అవసరం లేదు. 2017 నుంచి ఈ నాలుగు సంస్థలూ ప్రతి వ్యక్తికీ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. సంస్థ సొంత వెబ్‌సైటులో పాన్, పుట్టిన తేదీ ఇచ్చి, ఫోనుకు వచ్చే ఓటీపీతో తీసుకోవచ్చు. అప్పులు అమ్మే యాప్‌లలో కనిపించే స్కోరుతో ఈ పని కాదు, ఖాతాల వారీగా గడులు ఉన్న పూర్తి రిపోర్టే కావాలి. సిబిల్ రిపోర్టు పైన కంట్రోల్ నంబరు ఉంటుంది. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు అది అడుగుతారు కాబట్టి ఆ పేజీని భద్రంగా ఉంచుకోవాలి.

ఫిర్యాదును రిపోర్టు తయారుచేసే క్రెడిట్ సమాచార సంస్థకూ, అప్పు ఇచ్చిన వాళ్లకూ, రెండు చోట్లా ఒకేసారి ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. క్రెడిట్ సమాచార సంస్థ వెబ్‌సైటులో ఏ ఖాతాలో ఏ వివరం తప్పో ఎంచుకుని వివాదం నమోదు చేయవచ్చు. కానీ అప్పు ఇచ్చిన వాళ్లు ఔనని ధ్రువీకరించనిదే ఆ సంస్థ తనంతట తాను ఏదీ మార్చదు. అది ఫైనాన్సు కంపెనీని అడుగుతుంది, అక్కడ ఒక ఉద్యోగి కంప్యూటరులో ఉన్నది చూసి "మా లెక్క సరైనదే" అని జవాబిస్తే, మన ఫిర్యాదు అక్కడితో మూతపడుతుంది. మా తమ్ముడి విషయంలో మొదట జరిగింది అదే. అందుకే అప్పు ఇచ్చిన సంస్థకు, బ్రాంచికి కాకుండా దాని ఫిర్యాదుల అధికారికి నేరుగా రాయాలి. ఆ అధికారి పేరు, చిరునామా, ఈమెయిల్ సంస్థ వెబ్‌సైటులో ఉంటాయి. ఉత్తరంలో మన కష్టాలు, కోపం అవసరం లేదు. మేము రాసింది దాదాపు ఇలా ఉంది:

"పై నంబరు గల ట్రాక్టరు రుణాన్ని నేను పూర్తిగా చెల్లించినట్టు మీరే ఇచ్చిన నో డ్యూస్ సర్టిఫికెట్ జతచేశాను. ఆ తేదీ తరువాత ఆటో డెబిట్ ఆపకపోవడం వల్ల పడిన 1,180 రూపాయల చార్జీని రద్దు చేసి, ఖాతాను సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ నుంచి మూసివేసినట్టుగా, ఆ తరువాతి నెలలకు ఎటువంటి ఆలస్యం లేనట్టుగా నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలకూ సరైన వివరాలు పంపగలరు. పంపిన తేదీని నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు."

దీనికి నో డ్యూస్ సర్టిఫికెట్, అప్పు స్టేట్‌మెంటు, ఫైనాన్సు పేరు తీసేసిన ఆర్‌సీ, రిపోర్టులో ఆ ఖాతా ఉన్న పేజీ జతచేశాం. రిజిస్టర్డ్ పోస్టు రసీదును, ఈమెయిల్ చేరిన తేదీని దాచుకున్నాం. ఆర్‌సీ కాగితం బాగా పనికొచ్చింది. బాకీ ఉన్న బండి మీద నుంచి ఏ ఫైనాన్సు కంపెనీ తన పేరును వదులుకోదు కదా. ఫారం 35 మీద వాళ్లదే సంతకం ఉన్నాక బాకీ ఉందన్న వాదన నిలవలేదు.

ఇక గడువు సంగతి. రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఇచ్చిన ఆదేశం 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లోపు తేల్చాలి. తేల్చకపోతే, ఆ తరువాత ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలి. విషయం తెలిసిన 21 రోజుల్లోపు అప్పు ఇచ్చిన సంస్థ సరైన వివరాలు పంపకపోతే ఆ డబ్బు దాని మీద పడుతుంది. అది పంపినా క్రెడిట్ సమాచార సంస్థ 30 రోజుల్లోపు తేల్చకపోతే దాని మీద పడుతుంది. ఫిర్యాదు పరిష్కారమైన అయిదు పని దినాల్లో ఆ మొత్తం మన బ్యాంకు ఖాతాలో వేయాలి. స్కోరు ఎలా లెక్కగట్టారన్న వివాదాలకు ఇది వర్తించదు, రిపోర్టులోని వివరాలకే వర్తిస్తుంది. నూరు రూపాయలు పెద్ద మొత్తం కాదని కొట్టిపారేసే వాళ్లున్నారు గానీ, నా దృష్టిలో దాని విలువ వేరు. ఆలస్యానికి ఒక లెక్క ఉందని రెండు వైపులా తెలిసినప్పుడు "చూస్తాం, రేపు రండి" అనే జవాబు తగ్గుతుంది. మన అభ్యర్థనను తిరస్కరిస్తే, ఎందుకు తిరస్కరించారో కారణం చెప్పాలని కూడా రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కారణం లేని తిరస్కారం వస్తే అదే మాట ఎత్తి మళ్లీ రాయాలి.

30 రోజులు గడిచినా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే, ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి, ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. క్రెడిట్ సమాచార సంస్థలు కూడా 2022 సెప్టెంబరు 1 నుంచి ఆ పథకం పరిధిలోకి వచ్చాయి. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటులో ఇవ్వవచ్చు, వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చు. కంప్యూటరు అలవాటు లేని వాళ్ల కోసం చండీగఢ్‌లో ఒక కేంద్రం పెట్టి, ఏ భాషలో ఉత్తరం రాసినా తీసుకుంటామని 2021లోనే రిజర్వు బ్యాంకు ప్రకటించింది. కాబట్టి ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గవలసిన పని లేదు. ముందుగా అప్పు ఇచ్చిన సంస్థకు రాసినట్టు రుజువు లేకుండా వెళ్తే మాత్రం ఫిర్యాదు నిలవదు. మేము దాచుకున్నామని ఇందాక చెప్పిన లాంటి రసీదులు అక్కడ అవసరమవుతాయి.

క్లాక్ టవర్ సెంటర్ చుట్టుపక్కల, బస్టాండు గోడల మీద "సిబిల్ పెంచుతాం" అన్న కాగితాలు కనిపిస్తున్నాయి. పదివేలో పదిహేనువేలో తీసుకుని వాళ్లు చేసేది, మనం ఉచితంగా నింపగలిగే ఆ వివాదం ఫారాన్నే నింపడం. నిజమైన ఆలస్యాలను తీసేయిస్తామని చెప్తే అది జరిగే పని కాదు. పైగా పాన్, ఆధార్, ఓటీపీ పరాయి మనిషి చేతిలో పెట్టడం వల్ల రేపు మనం ఎరగని అప్పు ఒకటి మన పేరు మీద పుట్టే ప్రమాదం ఉంది. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మనమే చేసుకోవడం అన్ని విధాలా మేలు.

మా తమ్ముడి రిపోర్టుల్లో మూడింటిలో ఇప్పుడు ట్రాక్టరు అప్పు సరైన తేదీతో మూసివేసినట్టు ఉంది, ఆ తరువాతి గడులు పోయాయి. నాలుగో దానిలో బాకీ సున్నా అయింది గానీ ఆలస్యం గడులు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ సంస్థకూ, ఫైనాన్సు కంపెనీకీ మళ్లీ రాశాం, గడువు నడుస్తోంది. ఒక సంస్థలో సరైందని మిగతా వాటిని చూడకుండా ఊరుకోవద్దని చెప్పేది ఇందుకే. ఏ బ్యాంకు ఏ సంస్థ రిపోర్టు తీస్తుందో మన చేతిలో ఉండదు. ఈలోగా అప్పు అవసరం ఉన్నవాళ్లు, సరైన వివరాలు పంపామని పాత సంస్థ ఇచ్చిన ఉత్తరాన్ని నో డ్యూస్ సర్టిఫికెట్‌తో కలిపి కొత్త బ్యాంకు మేనేజరుకు ఇచ్చి, ఫైలును తిరస్కరించకుండా పెండింగులో ఉంచమని అడగవచ్చు. బర్రెల అప్పు ఫైలును మేము అలాగే మళ్లీ ఇచ్చాం, మేనేజరు తీసుకున్నారు.